దుబాయ్ వర్క్ పర్మిట్: విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చా?

చెల్లెమ్మా, మీ తమ్ముడు పది తప్పి వెల్డింగ్ నేర్చుకున్నాడని, సోంపేటలో ఒకాయన లక్షా 20 వేలు తీసుకుని ముందు విజిట్ వీసా మీద దుబాయ్ పంపి, అక్కడ వర్క్ పర్మిట్ చేయిస్తానంటున్నాడని రాశారు. నమ్మొచ్చా అని అడిగారు. నమ్మొద్దమ్మా. మాది కంచిలి దగ్గర. అబుదాబిలో పైప్ వెల్డర్‌గా చాలా ఏళ్లు పనిచేసి వచ్చాను.

వర్క్ పర్మిట్‌కి మనం దరఖాస్తు పెట్టుకోం. పెట్టాల్సింది కంపెనీ, ఇచ్చేది అక్కడి కార్మిక శాఖ. ఆ ఖర్చు కూడా కంపెనీదే. పనివాడి దగ్గర వసూలు చేయకూడదని యూఏఈ (దుబాయ్, అబుదాబి ఉన్న దేశం) చట్టంలోనే ఉంది. మన దగ్గర రిజిస్టర్డ్ ఏజెంటు తన సర్వీస్ కింద తీసుకోగలిగింది 30 వేలు, దాని మీద జీఎస్టీ. దానికి రసీదు ఇవ్వాలి. సోంపేట ఆయన పేరు, లైసెన్సు మన కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైటులో ఉన్నాయో లేదో మీ ఫోన్లోనే చూడొచ్చు. లేకపోతే ఇక మాటలే వద్దు.

విజిట్ వీసా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా పక్క గదిలో మందస వైపు కుర్రాడు ఇలాగే వచ్చి చేరాడు. పర్మిట్ లేనివాణ్ణి పనిలో పెట్టుకుంటే కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా. అందుకే తనిఖీ వాళ్లొస్తే వాణ్ణి సైటులో పైపుల గుట్ట వెనక్కి పొమ్మనేవారు. జీతం ఎగ్గొట్టారు. ఫిర్యాదు చేద్దామంటే చేతిలో కాంట్రాక్టు లేదు. పైగా వీసా గడువు దాటితే రోజుకి 50 దిర్హాముల ఫైను మన మీదే పడుతుంది. ఆఖరికి మన ఊళ్లవాళ్లమే తలా కొంత వేసుకుని టికెట్ తీసి పంపాం. ఆ పిల్లాడి మొహం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

పది పాసవ్వలేదు కాబట్టి మీ తమ్ముడిది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు అయ్యుంటుంది. అలాంటివాళ్లు గల్ఫ్‌లో పనికి వెళ్లాలంటే ముందు ఇక్కడ ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి కావాలి. అది తప్పించుకోవడానికే ఏజెంట్లు విజిట్ వీసా అంటగడతారు. సరైన దారిలో వెళ్తే ప్రవాసీ భారతీయ బీమా కూడా వస్తుంది. రెండేళ్లకి 275 రూపాయలు కడితే, ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా 10 లక్షలు. వెల్డింగ్ పనికెళ్లేవాడికి అది చిన్న విషయం కాదు.

డబ్బు చేతిలో పెట్టకముందే తమ్ముడి పేరు మీద ఆఫర్ లెటర్ అడగండి. అందులో జీతం ఒక్క అంకెగా చూడకండి. ఏజెంటు 1500 దిర్హాములంటాడు. కాగితంలో బేసిక్ (మూల జీతం) 800, మిగతాది అలవెన్సు అని ఉంటుంది. ఓటీ, అంటే ఓవర్‌టైమ్ లెక్కకట్టేది బేసిక్ మీదే. బేసిక్ 1500 అయితే గంటకి ఎనిమిది దిర్హాములకి దగ్గరగా వస్తుంది, 800 అయితే నాలుగు దాటి ఇరవై పైసలు కూడా రాదు. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. హోదా దగ్గర వెల్డర్ అని ఉందో, లేబర్ అని ఉందో కూడా చూడండి. ఆ లెటర్ మీద నంబరుంటుంది, అక్కడి కార్మిక శాఖ సైటులో కొట్టి చూస్తే అసలుదో కాదో తేలిపోతుంది.

ఎంట్రీ పర్మిట్ (పనికోసం ఆ దేశంలోకి వెళ్లే అనుమతి) మీద దిగాక మెడికల్, ఎమిరేట్స్ ఐడీ (అక్కడి గుర్తింపు కార్డు) కంపెనీయే చేయిస్తుంది, వాటికి టెన్షన్ పడక్కర్లేదు. పాస్‌పోర్టు మాత్రం ఎవరడిగినా వాళ్ల దగ్గర ఉంచొద్దని చెప్పండి.

అనుమానముంటే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్‌ఫ్రీ నంబరు 1800 11 3090. ఏజెంటుకి అడ్వాన్సు ఇవ్వకముందే చేయండి. ఆఫర్ లెటర్ చేతికొస్తే ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, పాస్‌పోర్టు నంబరు కనబడకుండా. నేను చదివి చెబుతాను.