సోషల్ టీచర్‌గా ‘మీ నమ్మకాలు’ రాయమన్నారా?

ప్రశ్న: టీచర్ ట్రైనింగ్ పూర్తి కావచ్చింది. సోషల్ టీచర్ పోస్టుకి అప్లై చేస్తే, పిల్లలకు చదువు చెప్పడం, దారి చూపడం గురించి నా నమ్మకాలేమిటో ఒక పేజీలో రాయమన్నారు. నాలుగుసార్లు రాసి చింపేశాను. ఐదోది మీకు పంపుతున్నాను, కాస్త చూడండి మేడమ్.

జవాబు: చూశాను. ‘విద్యార్థులను ఉత్తమ పౌరులుగా తీర్చిదిద్దడమే నా ధ్యేయం’ అని మొదలుపెట్టారు. తప్పేం లేదు, కానీ ఆ వాక్యం లెక్కల టీచర్ రాసినా సరిపోతుంది, కరాటే మాస్టారు రాసినా సరిపోతుంది. మీరు సోషల్ చెప్పబోతున్నారని పేజీలో ఎక్కడా తెలియలేదు.

అసలు సరుకంతా నాకు రాసిన ఉత్తరంలోనే ఉంది. ప్రాక్టీసు క్లాసులో గోడ మీది ప్రపంచ పటం చూపించి, గ్రీన్‌లాండ్ పెద్దదా ఆఫ్రికా పెద్దదా అని అడిగితే పిల్లలు ‘రెండూ ఇంచుమించు ఒకటే’ అన్నారని, తర్వాత గ్లోబు మీద పల్చటి కాగితం పెట్టి గ్రీన్‌లాండ్ గీయించి, కత్తిరించి, ఆఫ్రికా మీద పెట్టిస్తే అది ఓ మూలకి పడి ఉందని, అప్పుడో అబ్బాయి ‘అయితే ఇన్నాళ్లూ మాకు తప్పు మ్యాపు చూపించారా టీచర్?’ అన్నాడని రాశారు. సిలబస్ టెన్షన్‌లో మీరు నవ్వేసి ముందుకెళ్లిపోయారు.

ఆ ప్రశ్నకి జవాబే మీ పేజీ. ఆఫ్రికా నిజానికి గ్రీన్‌లాండ్‌కి సుమారు 14 రెట్లు. మెర్కేటర్ అనే పటాల నిపుణుడు 1569లో ఆ రకం పటం గీసింది ఓడలు నడిపేవాళ్ల కోసం. దిక్సూచి చూపే ఒకే దిక్కు పట్టుకుని వెళ్లే దారి అందులో సరళరేఖగా వస్తుంది, ఆ సౌకర్యం కోసం ధ్రువాల దగ్గరి నేలంతా ఉబ్బిపోతుంది. ఓడ నడిపేవాడికి అది మంచి మ్యాపే, దేశాల సైజులు పోల్చేవాడికే పనికిరాదు. ఎవరు చేశారు, ఎవరి కోసం, ఏం వదిలేశారు అనే ఇవే ప్రశ్నలు రాతి శాసనం మీదా వేయొచ్చు, జనాభా లెక్కల పట్టిక మీదా వేయొచ్చు. పిల్లలకు ఈ అలవాటు చేయడమే సోషల్ టీచర్ పని అని మీకు అనిపిస్తే అలాగే రాయండి. ఆ రోజు నవ్వేసి వదిలేశానని కూడా రాయండి, ఇప్పుడైతే ఏం చేస్తారో చెప్పండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు అక్కడే ఆగి చదువుతారు.

‘ప్రశ్నించడాన్ని ప్రోత్సహిస్తాను’ అన్న లైను గురించి ఒక మాట. ప్రశ్న వేసి మీరు ఎంతసేపు ఆగుతారు? మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసులు గమనిస్తే, టీచర్లు ఆగేది దాదాపు ఒక్క సెకనే. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మామూలుగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడారు. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టుకుంటూ నిలబడి చూడండి, క్లాసు ముందు అదెంత పొడుగ్గా ఉంటుందో! (కౌన్సెలింగ్‌లో నాకూ ఆ మూడు సెకన్లు అలవాటు కావడానికి ఏళ్లు పట్టింది.)

రాజకీయాల గురించి క్లాసులో మీ అభిప్రాయం చెబుతారా అని తప్పకుండా అడుగుతారు. జర్మనీలో 1976లో బాయిటెల్స్‌బాఖ్ అనే ఊళ్లో కుదిరిన అంగీకారం దీనికి బాగా పనికొస్తుంది: టీచర్ తన అభిప్రాయాన్ని పిల్లల మీద రుద్దకూడదు, బయట వివాదంలో ఉన్న విషయాన్ని క్లాసులోనూ వివాదంగానే చెప్పాలి, తమ ప్రయోజనం ఎటుందో పిల్లలే బేరీజు వేసుకోగలగాలి. ఓటు హక్కు 16 ఏళ్లకే ఇవ్వాలా అన్నది వాదించుకోవాల్సిన విషయం. ఆస్ట్రియా 2007లో ఇచ్చింది, చాలా దేశాలు ఇంకా 18 దగ్గరే ఉన్నాయి. యూదుల ఊచకోత జరిగిందా లేదా అన్నదానికి మాత్రం రెండు పక్షాలు లేవు. ఈ తేడా మీకు తెలుసని రెండు లైన్లలో చూపిస్తే చాలు.

ఇక ‘వారి గమ్యాన్ని నిర్దేశిస్తాను’ అన్నారు, దాన్ని కొట్టేయండి. కెరీర్ కౌన్సెలర్‌గా దారి చూపడమే నా వృత్తి, నేనే ఎవరి గమ్యాన్నీ నిర్దేశించను. నా దగ్గరికొచ్చే పిల్లల చేతిలో మార్కుల కాగితం ఒక్కటే ఉంటుంది, ఎలా ఆలోచిస్తారో అందులో ఉండదు. అది తెలిసేది మీకు. ‘ఆ పట్టికలో రెండు అంకెలు పొసగడం లేదని నువ్వొక్కడివే పట్టుకున్నావు, స్టాటిస్టిక్స్ వైపు ఓసారి చూడు’ అని చెప్పగలిగేది మీరే. వాదన నచ్చే పిల్లకి న్యాయశాస్త్రం, మ్యాపుల పిచ్చి ఉన్నవాడికి పట్టణ ప్రణాళిక, పాత కాగితాలు చదవాలనిపించేవాళ్లకి ఆర్కైవ్స్ ఉన్నాయని మీరు ముందు తెలుసుకోండి. ‘సోషల్‌తో ఏం వస్తుంది’ అని తల్లిదండ్రులు మిమ్మల్నే అడుగుతారు మరి.

పేజీ దాటనివ్వకండి. ధ్యేయం, సర్వతోముఖాభివృద్ధి లాంటి మాటలు తీసేస్తే చోటు దానంతటదే దొరుకుతుంది. ఆ అబ్బాయి ప్రశ్నతో మొదలుపెట్టి ఆరోసారి రాసి పంపండి, చూస్తాను.