చంటిబిడ్డతో ఉన్నప్పుడు రాజకీయాలకు దూరమైపోతున్నానని బాధపడుతున్న చెల్లెలికి నా జవాబు

మీరు అడిగింది ఇది: "గుంటూరులో ఉంటాను, ఎనిమిది నెలల పాప. కాలేజీ రోజుల్లో ప్రతి మీటింగుకూ వెళ్ళేదాన్ని, పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేదాన్ని. ఇప్పుడు నిన్న అసెంబ్లీలో ఏం జరిగిందో కూడా తెలియదు. ఏమైనా అంటే మా అత్తగారు 'పిల్లతల్లివి, నీకెందుకమ్మా ఆ గొడవలు' అంటున్నారు. పిల్లల్ని పెంచుకుంటూ రాజకీయాలతో సంబంధం తెగిపోకుండా చూసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

చెల్లీ, నాది విజయవాడ, అజిత్‌సింగ్ నగర్. ఇద్దరు పిల్లలు. మావారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. ముందు మీకు ఊరట కలిగించే నిజం ఒకటి చెబుతాను. నా బిడ్డకు ఎనిమిది నెలలు ఉన్నప్పుడు నేను ఏ రాజకీయమూ పట్టించుకోలేదు. ఏడాదిన్నర దాకా నిద్ర, పాలు, విరేచనాలు, టీకాలు, ఇవే నా లోకం. అందులో తప్పేమీ లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలియక చాలా బాధపడ్డాను.

మా పాప పుట్టిన మూడోరోజే లోక్‌సభలో రాష్ట్ర విభజన బిల్లు పాసైంది, 2014 ఫిబ్రవరి 18న. తెనాలిలో పుట్టింటి దగ్గర ఆస్పత్రిలో ఉన్నాను. వరండాలో టీవీ చుట్టూ జనం, లోక్‌సభ ప్రసారం మధ్యలో ఆగిపోయింది, లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియడం లేదు. నేను గదిలో పాపకు పాలు పట్టడం చేతకాక ఏడుస్తున్నాను. ఊరంతా ఉడికిపోతున్న రోజున నాకు ఏమీ పట్టలేదే అని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. మే 7న మాత్రం మూడు నెలలైనా నిండని పాపను ఎత్తుకుని ఓటు వేసి వచ్చాను. మా నాన్న గొడుగు పట్టుకున్నారు. క్యూలో ఉన్నవాళ్ళు మమ్మల్ని ముందుకు పంపారు. చంటిబిడ్డతో వచ్చిన తల్లిని ముందు పంపాలని ఎన్నికల నిబంధనల్లోనే ఉందని ఆ రోజు పోలింగ్ అధికారి చెబితేనే తెలిసింది. మీరూ గుర్తుపెట్టుకోండి, అడగడానికి మొహమాటపడకండి.

2019లో మాత్రం ఓటు పోగొట్టుకున్నాను. ఏప్రిల్ 11న పోలింగ్. బాబు కడుపులో ఐదో నెల, డాక్టరు ప్రయాణం వద్దన్నారు. ఓటేమో ఇంకా తెనాలిలోనే ఉంది. పెళ్ళై ఆరేళ్ళైనా మార్పించుకోలేదు. మనలో చాలామంది ఆడవాళ్ళ ఓటు ఇలాగే పుట్టింట్లో ఉండిపోతుంది. రేషన్ కార్డులో పేరు మారుతుంది, ఆధార్‌లో ఇంటిపేరు, అడ్రసు మారతాయి, ఓటు సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ గుర్తురాదు.

ఇక నేను వదిలేసినవాటి గురించి. టీవీ చర్చలు పూర్తిగా మానేశాను. మా పాపకు ఆరేళ్ళప్పుడు ఆడుకుంటూ ఒక నాయకుణ్ణి పట్టుకుని రాయలేని మాట అంది. ఎక్కడ నేర్చావంటే టీవీ వైపు వేలు చూపించింది. ఆ రోజు నుంచి రాత్రి తొమ్మిది గంటల చర్చలు మా ఇంట్లో లేవు. బంధువుల వాట్సాప్ గ్రూపులో పార్టీ గురించి మొదలైన మాట కులం దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. అక్కడ వాదించి నేను ఒక్కరి మనసూ మార్చలేకపోయాను, కానీ రాత్రి పన్నెండింటి దాకా టెన్షన్ పడి పొద్దున్నే పిల్లల మీద అరిచాను. అది కూడా మానేశాను. ఇప్పుడు పేపరు ఒక్కటే. పిల్లలు బడికి వెళ్ళాక పావుగంట, అందులోనూ ముందు జిల్లా పేజీలు. మా డివిజన్‌లో పైపులైన్ టెండరు, బడి, ఆస్పత్రి, ఇంటిపన్ను అన్నీ అక్కడే ఉంటాయి.

నాకు పోయింది వార్తలతో ఉన్న సంబంధమేనని మెల్లగా అర్థమైంది. రాజకీయం మాత్రం పిల్లల వెనకాలే మా ఇంట్లోకి నడిచి వచ్చింది. 2023 డిసెంబరులో మా వీధి అంగన్‌వాడీకి తాళం పడింది. రాష్ట్రమంతా అంగన్‌వాడీ అక్కచెల్లెళ్ళు జీతం పెంచమని 42 రోజులు సమ్మె చేశారు. మా బాబుకు అప్పుడు నాలుగేళ్ళు. నాలుగు రోజులు విసుక్కున్నాను. ఐదో రోజు వాణ్ణి చంకనేసుకుని అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్‌కి వెళ్ళాను. మా టీచరమ్మ టెంటులో కూర్చుని ఉంది, వాణ్ణి చూడగానే ఒళ్ళోకి తీసుకుంది. వాళ్ళ నెల జీతం ఎంత, గుడ్లు, పాలు ఎవరు పంపుతారు, బిల్లులు ఎన్ని నెలలు ఆగుతాయి, ఆ గంటలో నేను తెలుసుకున్నది ఏ చర్చలోనూ వినలేదు.

తర్వాత 2024 ఆగస్టులో మా పాప చదివే మున్సిపల్ స్కూలులో యాజమాన్య కమిటీ ఎన్నికలు వచ్చాయి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో ముప్పావు వంతు మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. పేరు ఇచ్చాను, ఎన్నికయ్యాను. మీ పాప బడి వయసుకు వచ్చినప్పుడు దీన్ని వదులుకోకండి. మరుగుదొడ్లకు నీళ్ళు, మధ్యాహ్న భోజనం, ప్రహరీగోడ, ఇవి చిన్న విషయాలని ఎవరైనా అంటే నమ్మకండి. నిధి ఎక్కడి నుంచి వస్తుంది, సంతకం ఎవరిది, ఎవరు ఆపుతున్నారు అన్నది నేను నేర్చుకున్నది అక్కడే.

కమిటీలోకి వచ్చి నెల తిరగకుండానే వరద వచ్చింది. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారుతుండగా అత్తయ్య లేపారు, వాకిట్లో నీళ్ళున్నాయని. వాన నీళ్ళే అనుకుని గుమ్మానికి గోనెసంచులు అడ్డం పెట్టాం. మధ్యాహ్నానికి నడుము లోతు. మాది కింద వాటా. పిల్లల్ని, బియ్యం డబ్బాని, గ్యాస్ సిలిండరుని పై వాటాకు చేర్చాం. కుట్టుమిషను, ఫ్రిజ్, పిల్లల పుస్తకాలు నీళ్ళలోనే ఉండిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు ఆరిపోయాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీళ్ళు పోయాయని, బుడమేరు గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయని మాకు తెలిసింది బయటపడ్డాకే. లోపల ఉన్నంతసేపు తాగేనీళ్ళు ఎన్ని సీసాలున్నాయన్నదే లెక్క. నాలుగో రోజు పడవలో ఫ్లైఓవర్ దగ్గరకు చేరాం.

ప్రభుత్వం కింద అంతస్తు ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తులకు 10,000 రూపాయలు సాయం ప్రకటించింది. మా వరసలో ఆరు కుటుంబాల పేర్లు జాబితాలో లేవు. డోర్ నంబరు ఒకటే కాబట్టి కింద, పై వాటాలను ఒకే ఇల్లుగా రాసుకుని వెళ్ళిపోయారు. మగవాళ్ళు అప్పటికే పనుల్లోకి వెళ్ళిపోయారు. పైగా కాగితాలు ఏ డబ్బాలో ఉన్నాయో, ఏవి తడిసిపోయాయో తెలిసినది మాకే. ఆరుగురు ఆడవాళ్ళం, చంకల్లో పిల్లలు, తడిసి ఆరిన నోట్‌బుక్కులో రాసుకున్న పేర్ల లిస్టుతో ఆ జాబితా చూసే ఆఫీసుకు మూడుసార్లు తిరిగాం. మూడోసారి అత్తయ్య కూడా వచ్చారు. నాలుగు కుటుంబాలకు డబ్బు పడింది. రెండు కుటుంబాలకు ఇప్పటికీ రాలేదు, ఆ అర్జీలు నా దగ్గర ఫైలులో ఉన్నాయి.

ఇళ్ళు కడుక్కున్నాక ఒక రాత్రి వాన పడుతుంటే బాబు అడిగాడు, "అమ్మా, మళ్ళీ నీళ్ళొస్తాయా?" అని. రావు నాన్నా అనేయవచ్చు. కానీ నాకు తెలియదు. మా కాలనీలో రిటైరైన ఇంజనీరు ఒకాయన ఉన్నారు. వెళ్ళి అడిగాను. ఆయన తెల్లకాగితం మీద గీసి చూపించారు. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి పోతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు పెట్టి, అక్కడి నుంచి మళ్ళింపు కాలువ తవ్వి ఆ వరదను బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా ఉన్న రోజున ఆ నీళ్ళను అది తీసుకోదు. 2005లోనూ బుడమేరు ఇలాగే ఊరి మీదకు వచ్చింది. ఊళ్ళోకి వచ్చేసరికి వాగు వెడల్పు ఎలా తగ్గిపోతుందో కూడా గీశారు. ఆ కాగితం ఇంకా మా ఫ్రిజ్ మీద ఉంది. ఎనిమిదేళ్ళు చర్చలు చూసిన నాకు మా ఇంటి వెనక పారే వాగు గురించి ఒక్క ముక్క తెలియదని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఏ పార్టీవాళ్ళు ఓటడగడానికి వచ్చినా నా ప్రశ్న అదే: మళ్ళింపు కాలువ సామర్థ్యం పెంచే పని ఎంతవరకు వచ్చింది? మా డ్రెయిన్‌లో పూడిక ఎప్పుడు తీశారో సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడిగాను. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వలేదు, అప్పీలు వేశాక ఇచ్చారు.

మీ అత్తగారి విషయం. మా అత్తయ్యా అదే మాట అనేవారు. నేను దాన్ని పాతకాలపు ఆలోచన అనుకుని మౌనంగా కోపం పెంచుకున్నాను. ఒకరోజు కూర్చోబెట్టి అడిగితే తెలిసింది, ఆమె భయం రాత్రి ఎనిమిదింటికి మీటింగు అంటే. పిల్ల ఎవరి దగ్గర పడుకుంటుంది, నువ్వు ఎలా తిరిగొస్తావు, ఇదే. నిజమే కదా. మన దగ్గర మీటింగులన్నీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య పెడతారు. సరిగ్గా హోంవర్కు, వంట, పిల్లల్ని పడుకోబెట్టే వేళ. మా కాలనీ మీటింగును ఆదివారం పొద్దున పదకొండుకు మార్చమని నేను మూడు నెలలు అడిగాను. మార్చాక ముగ్గురు వచ్చే చోట ఇరవై మందికి పైగా ఆడవాళ్ళు వచ్చారు, పిల్లలతో సహా. వెనక ఒక చాప పరిచి పాత కలర్ పెన్సిళ్ళు పెడతాం. ఆదివారం ఆ రెండు గంటలు బాబు పూచీ మావారిది, పెళ్ళిళ్ళున్నా అంతే. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే గ్రీవెన్సుకు వెళ్ళాల్సి వస్తే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి ఖర్చు బాధ కూడా తగ్గింది.

నాకు నిజంగా కోపం తెప్పించే విషయం ఒకటి ఉంది. అమ్మ ఒడి అన్నారు, తల్లికి వందనం అన్నారు, ప్రతి పార్టీకీ పథకం పేరులో తల్లి కావాలి. డబ్బు వస్తే సాయమే, నేను కాదనను. కానీ తల్లి మాట్లాడటానికి వస్తే కుర్చీ ఉండదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం స్థానాలు ఆడవాళ్ళవి, మా కార్పొరేషన్‌లో 64 డివిజన్లు. అయినా గెలిచిన కార్పొరేటరమ్మ నంబరుకు ఫోన్ చేస్తే భర్త ఎత్తడం నాకు ఎదురైంది. మా పక్కవీధి అక్క 2021లో పోటీ చేయాలనుకుంది, మూడో కాన్పు ఉందని కుదరలేదు. ఇద్దరు పిల్లలకు మించితే పోటీకి అనర్హులన్న నిబంధన 1994 నుంచి ఉంది, 2024 నవంబరులో అసెంబ్లీ దాన్ని తీసేసింది. మూడో బిడ్డ కావాలా వద్దా అన్నది ఎన్ని ఇళ్ళలో ఆడదాని చేతిలో ఉంది? ముప్పై ఏళ్ళు ఆ శిక్ష ఆమెకు కూడా పడింది. ఇదే ఊరి నుంచి 1957లో లోక్‌సభకు గెలిచిన కొమర్రాజు అచ్చమాంబ గారు కాన్పుల డాక్టరు. ప్రసవం గురించి, పసిపిల్లల పెంపకం గురించి తెలుగులో పుస్తకం రాసిన మనిషి. పిల్లల సంగతి తెలిసినవాళ్ళకు రాజకీయం ఎందుకని ఎవరైనా అంటే నేను ఆమె పేరు చెబుతాను.

మీరు ఈ వారం మీటింగులకు వెళ్ళక్కర్లేదు, పేపరు మొత్తం చదవక్కర్లేదు. పాప పడుకున్నప్పుడు పది నిమిషాలు, ఎన్నికల సంఘం వెబ్‌సైటు తెరిచి మీ ఓటు ఎక్కడుందో చూడండి. పుట్టింటి ఊళ్ళోనే ఉంటే ఫారం 8 నింపి గుంటూరు అడ్రసుకు మార్పించుకోండి. ఆన్‌లైన్‌లో తిప్పలు పడితే మీ వీధి బీఎల్‌వో, అంటే మీ బూత్ ఓటర్ల జాబితా చూసే ఉద్యోగి, ఎవరో కనుక్కోండి, ఇంటికే వస్తారు. బీఎల్‌వో వచ్చినప్పుడు మీ అత్తగారి ఓటు కూడా సరిచూడమనండి.