అమెరికాలో కొట్టేసిన కేసుకు ఇక్కడ విచారణా?

ప్రశ్న: 26/11 ముంబై దాడుల కేసులో తహవ్వుర్ రాణాను అమెరికా కోర్టు నిర్దోషిగా వదిలేసిందని చదివాను. మరి మనవాళ్లు ఇక్కడికి తెచ్చి మళ్లీ విచారించడం చెల్లుతుందా? దాడులకు ముందు అసలు రెక్కీ చేసిన అతని స్నేహితుడు డేవిడ్ హెడ్లీని ఎందుకు ఇవ్వరు?
- లా విద్యార్థి, గుంటూరు

జవాబు: రాణా లాయర్లు ఏళ్ల తరబడి అమెరికా కోర్టుల్లో వాదించింది సరిగ్గా ఇదే. ఓడిపోయారు.

'నిర్దోషి' అన్నది సగమే నిజం. 2011లో షికాగో జ్యూరీ ముంబై దాడుల కుట్ర అభియోగాన్ని కొట్టేసింది. కానీ లష్కరే తొయిబాకు సాయం చేశాడని, డెన్మార్క్ పత్రికపై దాడి పథకంలో పాలు పంచుకున్నాడని దోషిగా తేల్చింది. 2013లో 14 ఏళ్ల శిక్ష పడింది.

భారత్, అమెరికాల మధ్య 1997 నాటి అప్పగింత ఒప్పందం ఉంది. ఒక నేరానికి అమెరికాలో శిక్ష పడినా, నిర్దోషిగా బయటపడినా, ఆ నేరానికే మనకు అప్పగించరని దాని ఆరో అధికరణం చెబుతుంది. గొడవంతా ఆ 'నేరం' అన్న మాట దగ్గరే. చేసిన పని ఒకటే కదా అన్నారు రాణా లాయర్లు. తొమ్మిదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2024 ఆగస్టులో ఒప్పుకోలేదు. నేరమంటే చేసిన పని కాదు, మోపిన అభియోగం, దాని రుజువుకు కావాల్సిన అంశాలు అంది. మనం మోపిన దేశంపై యుద్ధం, హత్య, ఫోర్జరీ అభియోగాల అంశాలు అక్కడి కేసుకు వేరు. 2025 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు పిటిషన్ తోసిపుచ్చింది. ఏప్రిల్ 10న ఎన్‌ఐఏ ఢిల్లీకి తెచ్చింది.

ఒకే నేరానికి రెండుసార్లు విచారించి శిక్షించకూడదనే మన రాజ్యాంగం 20(2) అధికరణం ఆదుకుంటుందా అంటే, దానికి విచారణ జరిగితే చాలదు, ఆ నేరానికే శిక్ష కూడా పడి ఉండాలి. ముంబై కుట్ర విషయంలో అతనికి శిక్షే పడలేదు. నిర్దోషిగా బయటపడిన వాళ్ల రక్షణ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 337వ సెక్షన్‌లో ఉంది. డిఫెన్స్ దాన్ని ఇక్కడ ఎత్తుకోవచ్చు, అది ట్రయల్ కోర్టు తేల్చాల్సిన సంగతి.

హెడ్లీ కథ వేరు. 2010లో ముంబై అభియోగాలతో సహా అన్నీ ఒప్పేసుకున్నాడు. బదులుగా ఉరిశిక్ష అడగబోమని, భారత్‌కు అప్పగించబోమని అక్కడి ప్రాసిక్యూషన్ రాసిచ్చింది. 35 ఏళ్ల శిక్ష పడింది. మనకు దక్కింది 2016లో ముంబై కోర్టుకు వీడియోలో ఇచ్చిన సాక్ష్యం. లాయర్‌గా అర్థమవుతుంది గానీ, 166 మంది పోయిన కేసులో ఈ బేరం నాకు మింగుడుపడదు.

పరీక్షకు పనికొచ్చేది ఒకటి: అప్పగింత చట్టం, 1962లోని 21వ సెక్షన్ చదవండి. ఏ నేరాలకు అప్పగించారో వాటికి, అవే వాస్తవాల్లో తేలే చిన్న నేరాలకే విచారించాలి. వేరే నేరం మోపాలంటే అప్పగించిన దేశం ఒప్పుకోవాలి.