పిచ్చుకల పెట్టెలోకి గోరింకలు వస్తుంటే

హన్మకొండలో మీరు పెట్టిన పెట్టెలో పిచ్చుకలకు బదులు గోరింకలు దూరుతున్నాయంటే ద్వారం పెద్దదైనట్టే. 32 మిల్లీమీటర్లు చాలు, అందులో గోరింక పట్టదు.

1. అదే కొలతకు రంధ్రం చేసిన చెక్కముక్కను పాత ద్వారంపై బిగించండి. ద్వారం ముందు వాలడానికి పుల్ల అక్కర్లేదు.

2. ఎండ తగలకుండా చూరు కింద, పిల్లికి అందని ఎత్తులో కట్టండి.

3. చాలామంది మరిచేది పురుగుల సంగతి. వరి కంకుల కుంచె వేలాడదీస్తే పెద్దవాటికి సరిపోతుంది. కళ్లు తెరవని పిల్లలకు మాత్రం తల్లీతండ్రీ ఎక్కువగా మెత్తటి గొంగళిపురుగులు, పేనుబంకే పెడతాయి. చిక్కుడు తీగ మీద పేనుబంక కనిపించగానే మందు కొడితే ఆ పిల్లల నోటికాడి తిండి పోతుంది. దయచేసి కొట్టొద్దు. పక్కింటివాళ్లకూ చెప్పండి, పిచ్చుకలు అక్కడికీ వెళ్తాయి.

4. పిల్లలు ఎగిరిపోయాకే పాత గూడు తీయండి.