128 బీపీఎం ట్రాక్‌కు చీరలో నడక కుదరకపోతే
చెల్లె, హనుమకొండలో మీ కాలేజీ ఫెస్టుకు సిద్దిపేట గొల్లభామ చీరలతో ర్యాంప్ వాక్ పెట్టామని, 128 బీపీఎం (నిమిషానికి 128 బీట్లు) ఈడీఎం (ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్) ట్రాక్‌కు అమ్మాయిలు పరుగెత్తుతున్నట్టు కనిపిస్తున్నారని రాశావు. తప్పు వాళ్లది కాదు, ట్రాక్‌ది. బీటుకో అడుగు వేస్తే నిమిషానికి 128 అడుగులు. జీన్స్‌లో అయితే సరే, కుచ్చిళ్లు కాళ్లకు తగులుతుంటే ఎట్లా నడుస్తారు?

ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 'చేంజ్ టెంపో' తెరిచి 8 శాతం తగ్గించు. దాదాపు 118కి వస్తుంది, శ్రుతి మారదు. 'చేంజ్ స్పీడ్ అండ్ పిచ్' జోలికి మాత్రం పోకు, పాడే గొంతు బొంగురుపోతుంది.

అసలు చిక్కు బ్రేక్‌డౌన్‌తో, అంటే పాట మధ్యలో డ్రమ్స్ ఆగే ముక్కతో. కిక్ (బీటు కొట్టే బేస్ డ్రమ్) ఆగిపోయిన చోట మోడల్ ర్యాంప్ మధ్యలో ఉంటే అడుగు తప్పడం ఖాయం. ఆ ముక్క కోసేసి, అందరూ కలిసి వచ్చే చివరి రౌండుకు దాచుకో. షికాగోలో పుట్టిన హౌస్ మ్యూజిక్ అనే డ్యాన్స్ సంగీతం ర్యాంప్‌కు నప్పేది కూడా ఇందుకే, ప్రతి బీటుకూ కిక్ పడుతుంది.

32 బీట్లకు ఒకరిని పంపు, 118 దగ్గర అది సుమారు 16 సెకన్లు. తెర వెనక ఒకరు లెక్కపెట్టి భుజం తట్టాలి.

ఫోన్ నుంచి పాట వేస్తే ఏరోప్లేన్ మోడ్ మర్చిపోవద్దు. మా షోలో సరిగ్గా డ్రాప్ (బీటు మళ్లీ గట్టిగా అందుకునే చోటు) దగ్గర మా అమ్మ ఫోన్ చేసింది, హాలంతా రింగ్‌టోనే!