ముందు నీళ్ల దారి చూడు బిడ్డా

నల్లగొండ

చిరంజీవి బిడ్డకు పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి నీ ఫోన్ వచ్చినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. పాలమూరు బజారులో ఉన్న ఆ పాత తహసీల్ ఆఫీసు రిపేరు నీ చేతికొచ్చిందన్నావు. పదిహేను రోజుల్లో ఎస్టిమేట్ పెట్టమన్నారని, టెన్షన్‌గా ఉందని అన్నావు. ఫోన్‌లో అన్నీ చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నాను. ముప్పై మూడేళ్ల ఇంజనీరు సర్వీసులో ఇట్లాంటి పాత బంగళాలు ఏడెనిమిది నా చేతుల మీదుగా పోయాయి. ఎక్కువ శాతం బాగుపడ్డాయి. రెండింటిని మాత్రం మేమే పాడుచేశాం. నీకు చెప్పాల్సింది ఆ రెండింటి గురించే.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు పెద్దవి చేసుకుని చూశాను. ముందు భాగానికి రెండడుగుల మందం రాతి గోడలు, డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నం. వరండాకు కమానులు, నేలకు షాబాదు బండలు. కప్పు ఇనుప గర్డర్ల మీద ఇటుక కమానులు పోసింది. వెనక నాలుగు గదులేమో తర్వాతెప్పుడో కట్టిన ఆర్‌సీసీ. వీటిని ఒకే బిల్డింగ్ అనుకుని ఒకే ఎస్టిమేట్ ముక్క రాయకు. రెండింటి రోగాలు వేరు, మందులు వేరు.

పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు పెట్టింది 1890 డిసెంబర్ 4న. ఆ తర్వాతి రోజుల్లో కట్టిన ఇట్లాంటి వాటికి డ్రాయింగులు దొరుకుతాయని ఆశపడకు. బిల్డింగే నీకు డ్రాయింగు. నువ్వే టేపు పట్టుకుని ప్రతి గదీ కొలిచి, ప్రతి పగులూ కాగితం మీద గీసుకోవాలి. ఈ పని వర్క్ ఇన్‌స్పెక్టర్‌కు అప్పజెప్పొద్దు. కొలిచేటప్పుడే కన్ను పడుతుంది.

అన్నిటికన్నా ముందు వానలో ఆ బిల్డింగ్‌ను చూడు. మృగశిర దాటింది, వానలు మొదలయ్యాయి, నీకిది మంచి అదను. వాన పడుతుండగానే గొడుగు వేసుకుని పైకెక్కు. నీళ్లు ఎక్కడ నిలుస్తున్నాయి, ఏ తూము గుండా పోతున్నాయి, ఏ తూము పనిచేయడం లేదు, పిట్టగోడ పక్కన ఎక్కడ ఇంకుతున్నాయి, చూసి గుర్తు పెట్టుకో. తర్వాత కిందికొచ్చి గదులన్నీ తిరుగు. మర్నాడు ఒకసారి, మూడో రోజు ఇంకోసారి తిరుగు. వాన పడ్డప్పుడే ఉరిస్తే అది కప్పు లోపం. రెండు రోజులకు మెల్లగా మరక లేస్తే నీళ్లు గోడలోపల ఎక్కడో నిలిచి వస్తున్నాయన్న మాట.

ఈ సంగతి నాకు నేర్పింది ఒక అటెండరు. ఒక ఊళ్లో తూర్పు గోడ ఎప్పుడూ తడిగా ఉండేది. మేము మూడుసార్లు కప్పు మీద పూత వేయించాం, తగ్గలేదు. ఆయన ఆ ఆఫీసులో ఇరవై ఏళ్లుగా ఉన్న మనిషి. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "సార్, బకెట్ నేను పెట్టేది వాననాడు కాదు, వానకు రెండో రోజు" అన్నాడు. వెళ్లి చూస్తే పిట్టగోడలో చిటికెన వేలంత రావి మొక్క. దాని వేరు గోడలోపల తూము గొట్టం పొడవునా దిగి, గొట్టాన్ని చీల్చింది. నాలుగు రాళ్లు విప్పి వేరు మొత్తం తీసి, తూము మార్చి, మళ్లీ సున్నంతో కట్టాం. ఆ గోడ ఆ తర్వాత తడవలేదు. నీ ఫొటోల్లో ఈశాన్యం మూల కూడా ఒక రావి మొక్క కనబడుతోంది. పైన కోసేసి ఊరుకుంటే మళ్లీ చిగురిస్తుంది. వేరుదాకా పోవాలి. ఇక అటెండర్లతో, స్వీపరమ్మతో, గేటు దగ్గర దరఖాస్తులు రాసే పెద్దమనుషులతో ఒక పూట కూర్చుని మాట్లాడు. ఏ తలుపు ఏ కాలంలో బిగుస్తుందో కూడా వాళ్లకు తెలుసు.

ఇక కింది నుంచి వచ్చే నీళ్లు. మన బజార్లలో రోడ్డు మీద రోడ్డు వేసి వేసి, పాత ఆఫీసుల ఆవరణలన్నీ పల్లమైపోయాయి. ఒకప్పుడు వరండాకు నాలుగు మెట్లు ఉంటే ఇప్పుడు రెండే మిగులుతాయి. బజారు నీళ్లన్నీ లోపలికే. గోడల చుట్టూ మంచి కాలువ తీసి, నీళ్లు బయటికి పోయే దారి చేయకుండా లోపల ఎంత ఖర్చు పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. నీ ఎస్టిమేట్‌లో మొదటి ఐటం ఆ కాలువ కావాలి. కలర్లు ఆఖరున.

ఇప్పుడు మేము పాడుచేసిన వాటిలో మొదటిదాని సంగతి. అప్పుడు నేను నీ వయసువాణ్ణి. ఒక పాత తాలూకా కచేరీ, గోడలు మూడడుగుల ఎత్తు దాకా చౌడు పట్టి, సున్నం పొడిపొడిగా రాలుతోంది. మేము పాత సున్నమంతా గీకేసి సిమెంటుతో గట్టి ప్లాస్టరింగ్ చేయించాం. కింద షాబాదు బండలు తీసి టైల్స్ వేయించాం. అద్దంలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. రెండో వానాకాలం దాటేసరికి చౌడు మూడడుగుల నుంచి ఐదడుగులకు పాకింది. సిమెంటు పెచ్చులు పళ్లాలంత ముక్కలుగా ఊడి పడ్డాయి. ఒక పెచ్చు తిప్పి చూశాను. వెనకవైపు తెల్లగా ఉప్పు, దానికి అంటుకుని రాయి పొర కూడా వచ్చేసింది. నూరేళ్లు నిలిచిన రాయి మా ప్లాస్టరింగ్‌తో పొట్టులా లేచిపోయింది. ఆ ముక్క చేతిలో పట్టుకున్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ మరిచిపోలేదు.

కారణం చిన్నదే. ఆ గోడల పునాదిలో చెమ్మను ఆపే పొర ఉండదు. నేల తడిని గోడ పీల్చుకుంటుంది, సున్నం గుండా అది గాలికి ఆరిపోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తడి పైకి పాకుతుంది, లోపలే ఆరినచోట ఉప్పు గడ్డకట్టి గోడను తోస్తుంది. బండల సందులు మూసి టైల్స్ పరిస్తే నేల తడి కూడా గోడల్లోకే పోతుంది. అందుకని బిడ్డా, ముందు భాగంలో సిమెంటు ముట్టొద్దు. పైన ప్లాస్టిక్ పెయింట్ కూడా వద్దు, సున్నమే వెయ్యి. గోడను సుత్తి పిడితో తట్టుకుంటూ పో. గట్టిగా ఖణేల్‌మన్నచోట పాత సున్నాన్ని అట్లాగే ఉంచు. డొల్లగా పలికినచోట మాత్రమే తీయించు.

సున్నం పనికి మనుషులు లేరని కాంట్రాక్టర్ అంటాడు. దేశంలో ఎన్ని డ్యాములు, కాలువలు పాలమూరు లేబర్ చేతుల మీద లేచాయో నీకు తెలుసు. ఆ ఊళ్లలో వెతికితే సున్నం పని తెలిసిన ముసలి మేస్త్రి ఒక్కడైనా దొరుకుతాడు. నాకు నేర్పిన మేస్త్రి నాగార్జునసాగర్‌లో రాయి పేర్చిన మనిషి. 1955లో పునాది పడ్డ ఆ డ్యాం రాతి కట్టడమే కదా. ఆయన సున్నాన్ని వారాల తరబడి నీళ్లలో నానబెట్టేవాడు. కరక్కాయ, బెల్లం వేరే తొట్టిలో ఊరబెట్టి, ఆ నీళ్లతో సున్నం, ఇసుక, సుర్కి అనే ఇటుక పొడి కలిపి రుబ్బించేవాడు. తాపీ మీద ముద్ద తీసుకుని తాపీని తలకిందులు చేసేవాడు. ముద్ద జారకుండా వెన్నలా పట్టుకుని ఉంటేనే గోడకు పోనిచ్చేవాడు, లేకపోతే మళ్లీ రుబ్బమనేవాడు. నువ్వూ అట్లాగే పరీక్ష చెయ్యి. ఉప్పుబోరు నీళ్లు కలపనివ్వకు, మంచినీళ్లే వాడించు. సున్నం నెమ్మదిగా ఆరాలి, తడి గోనెపట్టాలు కప్పించు. రోహిణి ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు.

ఆర్‌సీసీ గదుల సంగతి వేరు. అక్కడ పెచ్చు రాలినచోట కడ్డీ ఎంత మిగిలిందో చూడాలి. సుత్తితో కొంచెం కాంక్రీట్ తాజాగా పగలగొట్టి, క్షారం ఉంటే రంగు మారే ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లు. గులాబి రంగు వస్తే కాంక్రీట్‌లో ఇంకా క్షారం ఉంది, కడ్డీకి రక్షణ ఉంది. రంగు రాకపోతే గాలి లోపలిదాకా పనిచేసిందని అర్థం. రంగు రాని ఆ భాగం కడ్డీదాకా పోయిందేమో చూసుకో. కాంక్రీట్‌ను తట్టి చూసే రీబౌండ్ హ్యామర్ రీడింగులు చూసి మాత్రమే ధైర్యపడకు, అది పైపొర గట్టితనమే చెబుతుంది. కోర్ తీయించు, అంటే లోపలి కాంక్రీట్ ముక్కను డ్రిల్లుతో కోసి పరీక్షకు పంపు. జేఎన్‌టీయూ వాళ్లతోనో, వరంగల్ ఎన్‌ఐటీ వాళ్లతోనో రిపోర్టు రాయించుకో. ఆ గదులు పనికిరావని తేలితే కూల్చమని రాయడానికి వెనకాడకు. పాతదల్లా కాపాడాలని నేను చెప్పడం లేదు. మనుషులు కూర్చునే చోటు అది. పగుళ్లకు అడ్డంగా సన్నని గాజు ముక్క అతికించి తేదీ రాసి పెట్టు. గాజు పగిలితే పగులు ఇంకా కదులుతోందన్నట్టు.

కప్పు మీద బరువు గురించి కొంచెం గట్టిగానే చెబుతాను. ఉరుస్తుందని పాత పొర తీయకుండా దాని మీదే కొత్త కాంక్రీట్ పోయడం మనవాళ్లకు అలవాటు. పది మీటర్లకు పది మీటర్ల గది మీద రెండంగుళాలు పోస్తే ఐదు క్యూబిక్ మీటర్లు, అంటే పన్నెండు టన్నులు. ఆ గర్డర్లు మోయగలవో లేదో లెక్క కట్టకుండా ఒక్క గంప కూడా పైకి ఎక్కనివ్వకు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే ఇంకో టన్ను. నీళ్ల ట్యాంకులు బయట స్టాండ్ మీద పెట్టించు. గర్డర్ల కింది అంచు తుప్పును వైరు బ్రష్‌తో గీకి, మిగిలిన మందం కొలువు. ఫాల్స్ సీలింగ్ ఎవరడిగినా వద్దను. అది వేస్తే ఉరిసేది కనబడదు, తుప్పు కనబడదు, కూలిన రోజే తెలుస్తుంది.

ఇక రికార్డులు. ఇది ఎస్టిమేట్‌లో ఎవరూ రాయరు, నాకు అన్నిటికన్నా బెంగ దీని గురించే. మేము పాడుచేసిన రెండోది ఇదే. పని మొదలుపెట్టాలని తొందరలో రికార్డు గది కట్టలన్నీ వరండాలోకి తెచ్చి టార్పాలిన్ కప్పాం. ఆ రాత్రి గాలివాన. పొద్దున్నే వెళ్లేసరికి కింది వరస కట్టలన్నీ నీళ్లలో ఉన్నాయి. సేత్వార్లు, 1954-55 ఖాస్రా పహాణీలు లాంటి పాత భూమి రికార్డులు, ఉర్దూ రాతలు. ఫ్యాన్ల కింద తాళ్లు కట్టి ఒక్కో కాగితం విడదీసి ఆరేశాం. సిరా పాకి కొన్ని ఊళ్ల పేజీలు చదవరాకుండా పోయాయి. ఆ తర్వాత ఒక ముసలాయన తన భూమి పాత నకలు కోసం వచ్చి, లేదంటే నమ్మక సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. ఆయనకు నేను ఏమీ చెప్పలేకపోయాను.

కాబట్టి తహసీల్దార్‌కు లెటర్ పెట్టి, పని మొదలయ్యే ముందే రికార్డులకు పక్కా కప్పున్న గది ఇప్పించుకో. ఊరువారీగా లిస్టు రాయించి, కట్టకు నంబరు వేసి, ఫొటో తీసి, సంతకం తీసుకుని తరలించండి. నేల మీద కాకుండా ర్యాకుల మీద పెట్టించు. తిరిగి వచ్చాక రికార్డు గది కింది అంతస్తులోనే ఉండాలి. మామూలు ఆఫీసు గదికి చదరపు మీటరుకు 250 కిలోలు లెక్క వేస్తే రికార్డులకు 500 కిలోలు వేయాలి. చెదల మందు, కొత్త వైరింగ్, ఆ గదికి వేరే స్విచ్ తప్పనిసరి. పాత వైర్లకు ఏసీలు తగిలిస్తే వైర్లు వేడెక్కి నిప్పంటుకునే ప్రమాదం ఉంది.

వరండాను పార్టిషన్లు పెట్టి గదులు చేద్దామని ఎవరో ఒకరు అడుగుతారు. ఒప్పుకోకు. పల్లెల నుంచి పొద్దున బస్సుకు వచ్చినవాళ్లకు ఎండలో నీడ అదే. అక్కడ రాతి అరుగులు వేయించు, తాగే నీళ్లు పెట్టించు, ఆడవాళ్లకు వేరే టాయిలెట్ కట్టించు. ర్యాంపు పన్నెండుకు ఒకటి వాలు ఉండాలి. వరండా రెండడుగుల ఎత్తుంటే ఇరవై నాలుగు అడుగుల పొడవు కావాలి. జాగా లేదని నిటారుగా కడితే చక్రాల కుర్చీ ఎక్కదు, అది ఫొటో కోసం కట్టినట్టే.

కాగితం పని నీకు తెలిసిందే. సర్కారు రేట్ల పట్టిక ఎస్‌ఎస్‌ఆర్‌లో సున్నం ఐటం సరిపడక పోతే సామాను, కూలీ లెక్కలతో డేటా కట్టి రేటు రాసి, ముందే ఎస్‌ఈ (సూపరింటెండింగ్ ఇంజనీర్) గారి దాకా ఒప్పించు. తర్వాత అదనపు ఐటంగా సప్లిమెంటల్ పెడతానంటే నలిగిపోతావు. మూతపడే పని ఏదైనా మూసేముందే కొలిచి కొలతల పుస్తకం ఎం-బుక్‌లో ఎక్కించు. మార్చిలో బిల్లు కోసమని సున్నం పొరల మధ్య గడువు కుదించమంటారు, దానికి మాత్రం లొంగొద్దు. 2017 హెరిటేజ్ చట్టం కింద ఆ బిల్డింగ్ ఏదైనా లిస్టులో ఉందేమో పనికి ముందే రాసి కనుక్కో. పదిహేను రోజులు చాలవని, రెండు వానలు చూశాకే ఎస్టిమేట్ ఇస్తానని ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) గారికి కారణాలతో రాసివ్వు. నోటిమాటగా అడిగితే కాదంటారు, కాగితం మీద కారణం కనబడితే ఆలోచిస్తారు.

వచ్చే ఆదివారం నేను దేవరకొండ, కల్వకుర్తి మీదుగా బస్సెక్కి వస్తున్నాను. మీ పెద్దమ్మ నీకిష్టమని సకినాలు చేస్తోంది. గట్టి నిచ్చెన ఒకటి, టార్చి లైటు, సుత్తి సిద్ధం పెట్టు. మీ ఆఫీసు పాత అటెండరును కూడా ఆ రోజు రమ్మను.

మీ పెదనాన్న