సందు దాటుతుంటే కాల్చవచ్చా?

ప్రశ్న: వార్‌హామర్ 40,000 అనే బొమ్మ సైనికుల యుద్ధ ఆట పదో ఎడిషన్‌లో మా తమ్ముడి దళం ఒక శిథిలం చాటు నుంచి బయలుదేరి, సందు దాటి, ఇంకో గోడ చాటున ఆగింది. మధ్యలో నా సైనికులకు స్పష్టంగా కనబడింది. ఓవర్‌వాచ్ (ఎదుటివాడి వంతులోనే వాడి దళాన్ని కాల్చే అవకాశం) అంటే వాడు ఒప్పుకోలేదు. ఎవరిది న్యాయం?

జవాబు: మీ తమ్ముడిదే. నాకూ మొదట్లో ఇది మింగుడుపడలేదు, కళ్లముందే వెళ్తున్నవాణ్ణి కాల్చలేకపోవడమేమిటని ఒక సాయంత్రమంతా వాదించాను. కానీ రూల్ చెప్పేది కదలిక మొదలైన క్షణం, ముగిసిన క్షణం గురించే. ఆ రెండు చోట్లా కనబడకపోతే ఓవర్‌వాచ్‌కు కావలసిన 24 అంగుళాల లోపు ఉన్నా, అందుకు ఖర్చుపెట్టే కమాండ్ పాయింట్ ఉన్నా లాభం లేదు. మీ వాదన స్పెయిన్ వాళ్ల ఇన్ఫినిటీ అనే ఇలాంటి ఆటలో నిలుస్తుంది. అక్కడ ఎదుటివాడి దారిలో మీకు కనబడిన ఏ బిందువు దగ్గరైనా కాల్చవచ్చు. రెండూ ఆడేవాళ్లు తరచూ పొరబడేది ఇక్కడే.

వార్‌హామర్‌లో అసలు గొడవ కదలిక ‘మొదలైనప్పుడు’ అన్నచోటే వస్తుంది. ఎదుటివాడు గబగబా బొమ్మలు జరిపేస్తే మీకు అవకాశమేదీ? నేనైతే బొమ్మ ముట్టుకోకముందే “ఈ దళం కదులుతోంది, కాలుస్తావా?” అని అడుగుతాను. మీ తమ్ముడినీ అలా అడగమనండి.